లాకు నిండేదాకా

నా చిన్నప్పుడు మా బడిలో నాకంటూ ఒక పని ఉండేది. పంతులు బెత్తాన్ని కాలవలో కడిగి తేవడం. మా పేట నుంచి ఆ బడికి ముగ్గురు పిల్లలం వెళ్ళేవాళ్ళం. చర్చి పెద్దలు వెళ్ళి ఎంతో బతిమాలితే గానీ మమ్మల్ని చేర్చుకోలేదు. మిగతా పిల్లల్ని పంతులు దగ్గరకి పిలిచి కొట్టేవాడు. మమ్మల్ని మాత్రం కూర్చున్న చోటి నుంచే గురి చూసి బెత్తం విసిరేవాడు. దగ్గరకొస్తే మైల కదా మరి! తగిలాక ఆ బెత్తాన్ని మేమే తీసుకెళ్ళి, కాలవలో మూడు మునకలు వేయించి, అరుగు చివర ఎండలో పెట్టి రావాలి. ముగ్గురిలోకీ ఎక్కువ దెబ్బలు నావే కాబట్టి ఆ పని దాదాపుగా నాకే దక్కేది. దెబ్బ తిన్నదీ నేనే, నన్ను కొట్టిన కర్రకి స్నానం చేయించేదీ నేనే. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఈ నాలుగు ముక్కలు రాసేలోపే రెండుసార్లు కలం పాళీ విరిచాను. ముసలితనం అనుకునేరు, కాదు. కోపం.

ఆయన్ని పంతులు గారు అనాలి. ఆ మాత్రం మర్యాద నాకూ తెలుసు. గోదావరి నీళ్ళు తాగి పెరిగినదాన్ని, వీధిలో పోయే కోడిపుంజుని కూడా అండీ అనే ఊళ్ళో పుట్టినదాన్ని. అయినా ఈ కథ ముగిసేదాకా అనను. ఎవరేమనుకున్నా సరే.

నన్ను కొట్టడానికి కారణం ఇంగ్లీషు. అప్పట్లో మా ఊరి బడికి ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు దొర వచ్చి పిల్లల్ని పరీక్ష చేసేవాడు. దొర మెచ్చుకుంటేనే బడికి బతుకు. అందుకని పంతులు మాకు ఇంగ్లీషు చెప్పేవాడు. చెప్పేవాడు అంటే తప్పు, దట్టించేవాడు. మా బడిలో ఉన్న ఇంగ్లీషు పుస్తకం ఒక్కటే. పేజీకో బొమ్మ. ఆవు బొమ్మ కనబడితే ఒక పాఠం, బావి బొమ్మ కనబడితే ఇంకో పాఠం, గొడుగు పట్టుకున్న ముసలాయన బొమ్మ కనబడితే మరో పాఠం. బొమ్మ చూడగానే ఆ పాఠం మొదటి నుంచి చివరిదాకా ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పాలి. ఎక్కాలు వల్లించినట్టే. అర్థం అడగకూడదు. అడిగితే బెత్తం లేచేది. ఆయనకీ అర్థం తెలియదన్న సంగతి నాకు చాలా ఏళ్ళకి గానీ బోధపడలేదు. తెలియనిదాన్ని తెలియనట్టు ఒప్పుకోలేక పసిపిల్లల వీపులు వాయించాడు ఆ మనిషి!

నాకు అప్పజెప్పడం వచ్చేది కాదు. మొద్దుదాన్నేమీ కాదు. వేలెడంత లేకపోయినా మా అమ్మతో ఊడ్పులకి వెళ్ళి ఆడవాళ్ళు పాడే పాటలన్నీ ఒక్కసారి వింటే పట్టుకునేదాన్ని. కానీ ఆవు బొమ్మ చూడగానే నాకు ఆవు గురించి అడగాలనిపించేది. ఇది మేస్తోందా, నిలబడిందా, దూడ ఏదీ, ఇలాంటివి. ఆ ఆలోచనలో పడితే పాఠం మధ్యలో తెగిపోయేది. ఒకరోజు పంతులు మా అమ్మని బడి బయటికి పిలిపించి చెప్పేశాడు. "నీ కూతురి బుర్రలో ఇంగ్లీషు దిగదు. ఈసారి దొర ముందు నోరు పెగలకపోతే పేరు కొట్టేస్తాను." మా నాన్న అంతకుముందు ఏడాదే జ్వరంతో పోయాడు. బడి లేకపోతే నేనెక్కడికి వెళ్ళాలో అప్పటికే నిర్ణయమైపోయింది. మునసబు గారి పెరట్లో పగలంతా పేడ తీసి, దూడల్ని చూసుకోవడానికి ఓ పిల్ల కావాలన్నారు. ఒకసారి ఆ పెరట్లోకి వెళితే ఇక బయటికి రావడమంటూ ఉండదని మా పేటలో అందరికీ తెలుసు. దొర రావడానికి రెండు నెలలుంది.

మా తాతయ్య, అంటే మా అమ్మ వాళ్ళ నాన్న, ఊరి చివర కాలవ మీదున్న లాకులో లస్కరు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి దిగే కాలవలో పడవలు ఎక్కడానికీ దిగడానికీ అక్కడక్కడా లాకులు కట్టారు. పడవ లాకులోకి రాగానే వెనక తలుపులు మూస్తారు. ముందు తలుపుల అడుగున తూములు ఎత్తుతారు. నీళ్ళు లోపలికి పొంగుకొస్తాయి, పడవ మెల్లగా పైకి లేస్తుంది. రెండు పక్కలా నీళ్ళు సమానమయ్యాక పొడుగాటి దూలాన్ని తోస్తే ముందు తలుపులు తెరుచుకుంటాయి. ఆ తలుపులు తియ్యడం, వెయ్యడం మా తాతయ్య పని. నేను బెత్తం కడిగేది ఆ లాకుకి కాస్త ఎగువనే, కానీ తాతయ్యకి కనబడకుండా రెల్లు చాటున కూర్చునేదాన్ని. సిగ్గు. కొట్టినవాడికి లేని సిగ్గు నాకు!

ఒకరోజు తాతయ్య రెల్లు పక్కకి తీసి చూశాడు.

"ఏంటే బుల్లీ, ఆ కర్రేంటి?"

చెప్పాను. చెప్పేదాకా వదల్లేదు. నా వీపు మీద జాకెట్టు తొలగించి చూశాడు. అప్పటిదాకా మా తాతయ్యకి కోపం రావడం నేను చూడలేదు. ఆ బెత్తాన్ని నా చేతిలోంచి లాక్కుని, రెండు చేతులా పట్టుకుని విరవబోయి, ఆగిపోయాడు. విరిస్తే ఆ దెబ్బలు కూడా నాకే పడతాయని ఆయనకి తెలుసు. చివరికి నాకే తిరిగిచ్చాడు. "ఎండలో పెట్టేసి సాయంత్రం లాకు దగ్గరికి రా," అన్నాడు. ఆ విరవని బెత్తం గురించి తలుచుకుంటే నాకు పంతులు మీద కన్నా ఎక్కువ కోపం ఆ రోజుల మీద వస్తుంది. అంత బలమైన మనిషి, పడవలని ఎత్తే తలుపులు తోసే మనిషి, వేలంత బెత్తాన్ని విరవలేకపోయాడు.

మా తాతయ్యకి ఒక్క అక్షరం రాదు, ఏ భాషలోనూ. కానీ ఇంగ్లీషు మాట్లాడేవాడు. ఆనకట్ట కట్టేటప్పుడు ఆయన పన్నెండేళ్ళవాడట. రాళ్ళు మోసేవాళ్ళకి నీళ్ళందించే పనిలో చేరితే, అక్కడున్న ఓ దొర కొడుకు, అయిదారేళ్ళవాడు, ఈయన వెంట పడ్డాడట. ఆ పిల్లాడికి తెలుగు రాదు, ఈయనకి ఇంగ్లీషు రాదు. ఇద్దరూ ఇసుకలో ఆనకట్టలు కట్టి, కూలగొట్టి, మళ్ళీ కట్టి ఆడుకున్నారట. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లాడు తెలుగులో అలిగేవాడట, ఈయన ఇంగ్లీషులో బుజ్జగించేవాడట. "నన్నెవరూ కొట్టలేదే, మరి నాకెలా వచ్చింది?" అని తాతయ్య నన్నడిగాడు.

ఆ సాయంత్రం తాతయ్య ఒక ఆట పెట్టాడు. వెనక తలుపులు మూసిన క్షణం నుంచి లాకు నిండి ముందు తలుపులు తెరుచుకునేదాకా గట్టు మీదున్నవాళ్ళు ఇంగ్లీషే మాట్లాడాలి. రాకపోతే చేతులు తిప్పొచ్చు, ఎగరొచ్చు, బొమ్మ గియ్యొచ్చు, కానీ నోట తెలుగు ముక్క రాకూడదు. వచ్చిందా, తలుపు దూలం తోసే పని వాళ్ళదే. నిండేదాకా అంతే, అది కాగానే తెలుగు. మొదటి రోజు తాతయ్య పడవ లాగే మోకు చూపించి "వాట్ ఈజ్ దిస్?" అన్నాడు. నేను మోకు అనబోయి నాలిక కరుచుకున్నాను. "రోప్," అన్నాడు. ఆ మోకు కొస నా చేతికిచ్చి "పుల్," అన్నాడు. లాగాను. పడవ నా వైపు జరిగింది! అంత పెద్ద ధాన్యం పడవ, నేను ఒక్క మాట విని లాగితే జరిగింది. నీళ్ళలో ఉన్నప్పుడు పడవ తేలిగ్గా జరుగుతుందని నాకేం తెలుసు? ఆ మాటలోనే ఏదో ఉందనుకున్నాను. ఆ రెండు మాటలూ ఈ రోజుకీ నా అరచేతుల్లో ఉన్నాయి.

తర్వాత నన్ను దొరని చేశాడు. నేను గట్టు మీద నిలబడి ఇంగ్లీషులో ఆజ్ఞ ఇస్తే ఆయన చెయ్యాలి. సిట్ అంటే కూర్చోవాలి, రన్ అంటే పరిగెత్తాలి. నేను తప్పు మాట అంటే ఆ తప్పు పనే చేసేవాడు. ఒకసారి తూము ఎత్తమనడానికి బదులు నిద్రపొమ్మన్నాను. ఆయన అక్కడే గట్టు మీద తువ్వాలు పరుచుకుని గురక పెట్టాడు. కింద పడవలో వాళ్ళు కేకలు, నేను సరైన మాట కోసం వెతుక్కుంటూ గంతులు. దొరికాక ఆయన లేచి సలాం చేసి వెళ్ళి తూమెత్తాడు. బడిలో ఆరు నెలలకి ఎక్కని మాటలు ఇలా ఒక్క సాయంత్రంలో ఎక్కేవి. ఎందుకెక్కవు? తప్పు చెబితే నవ్వొచ్చేది, ఒప్పు చెబితే పని జరిగేది.

పడవల వాళ్ళకి కూడా ఈ పిచ్చి పట్టింది. మోకు లాగే కళాసులు హైలెస్సా మధ్యలో పుల్ అనీ, స్లో అనీ కలిపి పాడేవారు. దూరంగా పడవ కనబడగానే నేనూ తాతయ్యా పందెం వేసుకునేవాళ్ళం. అందులో ఏముందో, ఎంతమంది ఉన్నారో, ఎందుకు ఆలస్యమైందో ఇంగ్లీషులో చెప్పాలి. నెగ్గినవాళ్ళకి ఒక తాటి తేగ. మొదట్లో తేగలన్నీ ఆయనే తినేవాడు, మొహమాటం లేకుండా, నా ఎదురుగా, పీచు తీసి మరీ. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ మంటతోనే నేర్చుకున్నాను. నెల తిరిగేసరికి తేగలు నావి, పీచు ఆయనది. ఒకసారి తలుపు తెరవాలన్న తొందరలో నీళ్ళు నిండకముందే దూలం తోశాను. కదల్లేదు. తాతయ్య నవ్వాడు. లాకు నిండి తలుపు తెరిచాక తెలుగులో చెప్పాడు. "పదిమంది తోసినా రాదే అది. నిండనియ్యాలి. నిండాక నీలాంటి బుడత చాలు."

ఇంత సంబరం కడుపులో దాచుకోవడం చేతకాక ఒకరోజు బడిలో నోరు జారాను. పంతులు చెంబు కింద పడితే "సర్, వాటర్ ఫాలింగ్!" అని అరిచాను. ఎక్కడ నేర్చావన్నాడు. మా తాతయ్య అన్నాను. పంతులు పగలబడి నవ్వాడు, పిల్లలందరూ కూడా నవ్వేదాకా నవ్వాడు. "అది ఇంగ్లీషు కాదు, కళాసీ కూతలు. దొర ముందు ఆ కూతలు కూశావో, చర్మం ఒలిచేస్తాను," అని బెత్తం విసిరాడు. చెవికి తగిలింది. దాన్ని తీసుకెళ్ళి కడిగాను. లాకు దగ్గర తాతయ్య వాట్ ఈజ్ దిస్ అని నా చెవి చూపించి అడిగాడు. "నథింగ్," అన్నాను. ఆ మాట కూడా ఆయన నేర్పిందే.

దొర వచ్చే రోజు వచ్చింది. ఆయన కాలవ మీద పడవలోనే వచ్చాడు. ఆ పడవని లాకులో ఎత్తింది మా తాతయ్యే. దొర దిగాక ఆయన వెంట వచ్చిన డవాలా బంట్రోతు తాతయ్యని పిలిచి దొర సామాను పెట్టె బడిదాకా మోసుకు రమ్మన్నాడట. తాతయ్య ఎగిరి గంతేసి ఉంటాడు. నా పరీక్ష కళ్ళారా చూడొచ్చు కదా! తలపాగా సర్దుకుని, పెట్టె నెత్తిన పెట్టుకుని దొర వెనకాలే వచ్చాడు. పంతులు దొరకి వంగి వంగి దండాలు పెడుతూనే, తాతయ్యకి మాత్రం మెట్ల దగ్గరే ఆగమని చెయ్యి విదిలించాడు. పెట్టె ఎక్కడ దించాలో ఎవరూ చెప్పలేదు. చెప్పకుండా దించితే తిడతారు, అడిగితే ఇంకా తిడతారు. తాతయ్య ఎండలో, మెట్ల కింద, తలుపుకి ఎదురుగా అలా నిలబడిపోయాడు.

దొర మా బడి పుస్తకం ముట్టుకోలేదు. తన సంచిలోంచి కొత్త పుస్తకం తీశాడు. ముందు వరసలో కరణం గారబ్బాయికి ఒక పేజీ తీసి చూపించాడు. అందులో ఒక ఆవు, ఆవు పక్కన బండి, బండిలో పిల్లలు. కరణం గారబ్బాయి ఆవుని చూశాడు. చూడగానే మా పాత పుస్తకంలోని ఆవు పాఠం మొదటి నుంచి చివరిదాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. దొర కనుబొమలు పైకి లేచాయి. పక్క పిల్లాడికి అదే పేజీ ఇచ్చి బండి మీద వేలు పెట్టాడు. వాడూ ఆవు పాఠమే చెప్పాడు. మూడోవాడూ అంతే. నాలుగోవాడి వంతు వచ్చేసరికి బడంతా కలిసి ఆవు పాఠం ఎత్తుకుంది, పంతులు వద్దు వద్దని కళ్ళతో సైగలు చేస్తున్నా ఆగకుండా. పాపం వాళ్ళదేం తప్పు? ఆవు కనబడితే అది చెప్పాలని కదా బెత్తం పెట్టి నేర్పింది. పంతులు మొహం నల్లబడిపోయింది.

దొర పుస్తకం మూసేశాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి వేలు చూపించి, అక్కడేం కనబడుతోందో చెప్పండన్నాడు ఇంగ్లీషులో. ఎవరికీ అర్థం కాలేదు. నేను వెనక, గుమ్మం దగ్గర చాప చివర కూర్చున్నాను. నాకు కాలవ కనబడుతోంది, పడవ కనబడుతోంది. మెట్ల కింద తాతయ్య కనబడుతున్నాడు. నేను లేచాను. లేచానని నాకే తెలియదు.

"బోట్, సర్. బిగ్ బోట్. పాడీ బోట్. ఫోర్ మెన్ పుల్లింగ్. వన్ మ్యాన్ సింగింగ్."

దొర నా దగ్గరికి వచ్చేశాడు. పడవకి తెరచాప ఉంది కదా, మరి మనుషులెందుకు లాగుతున్నారు అన్నాడు. మా పందేల్లో తాతయ్య నన్ను అడిగి అడిగి చంపిన ప్రశ్నే అది. "నో విండ్, సర్," అన్నాను. దొర గట్టిగా నవ్వాడు, తల మీద చెయ్యి వేశాడు. ఆ బడిలో నన్ను చేత్తో తాకిన పెద్దమనిషి ఆయన ఒక్కడే. ఇంకా నాలుగైదు అడిగాడు. చెప్పాను. తప్పులున్నాయి, అవి ఇప్పుడు తెలుస్తున్నాయి. ఆయన ఒక్కటి కూడా పట్టించుకోలేదు. చివరికి అడిగాడు. "హూ టాట్ యూ?" నీకెవరు నేర్పారమ్మా అని.

ఇక్కడే. ఇక్కడికి వచ్చేసరికి ఇప్పటికీ కలం కింద పెట్టేస్తాను. నేను మెట్ల వైపు చూశాను. తాతయ్య నెత్తిన పెట్టెతో, చెమటతో, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. ఆ ప్రశ్న ఆయనకి అర్థమైంది. అక్కడున్నవాళ్ళలో దొరా, నేనూ కాక అర్థమైన మూడో మనిషి ఆయనే. తర్వాత పంతులు వైపు చూశాను. పంతులు కళ్ళు నా మీదున్నాయి. చాప కింద దాచిన బెత్తం కొస మీద ఆయన కాలు ఉంది.

"మాస్టర్, సర్," అన్నాను.

దొర వెళ్ళి పంతులుకి చెయ్యి కలిపాడు. పంతులు, ఆ పంతులు, రెండు చేతులూ జోడించి "తమ దయ, తమ దయ," అన్నాడు. ఒక్క క్షణం తడబడలేదు. నా చెవి మీద ఆయన బెత్తం చేసిన గాయం ఇంకా పచ్చిగా ఉంది, కళాసీ కూతలన్న నోరు ఇంకా తడారలేదు, ఆ మెప్పు మాత్రం తన సొంతమైనట్టు తీసుకున్నాడు! నేను తాతయ్య వైపు మళ్ళీ చూశాను. నెత్తిన పెట్టె ఉంది కదా, తల వంచడానికి లేదు. కళ్ళు మాత్రం దించుకున్నాడు.

నా పేరు కొట్టెయ్యలేదు. పాసయ్యానన్నారు. మా అమ్మ పొలం నుంచి ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. ఆ సాయంత్రం నేను లాకు దగ్గరికి వెళ్ళేసరికి కొబ్బరికాయల పడవ ఒకటి లోపలికి వచ్చింది. తాతయ్య వెనక తలుపులు మూసి తూమెత్తాడు. ఏమీ జరగనట్టు మోకు కొస నా ముందు పట్టుకుని "వాట్ ఈజ్ దిస్?" అన్నాడు. మొదటి రోజు అడిగినట్టే. నేను చెప్పాల్సింది ఒకటుంది, దానికి నా దగ్గరున్న ఇంగ్లీషు చాలదు. "తాతయ్యా, నేను అబద్ధం చెప్పాను," అనేశాను. సంగతి తెలియని కళాసులు పడవలోంచి చప్పట్లు కొట్టారు. "ఆయ్, తెలుగు, తెలుగు! దూలం తొయ్యాల్సిందేనండి బుల్లెమ్మ గారూ!" అని ఒకటే గోల. నేను వెళ్ళి దూలానికి భుజం ఆనించి తోశాను. నీళ్ళు ఇంకా సగానికి రాలేదు, అది కదిలితేనా! ఏడుస్తూ తోశాను, తిడుతూ తోశాను, ఎవర్ని తిడుతున్నానో నాకే తెలియదు.

తాతయ్య వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆ రెండు నెలల్లో ఆయన తన ఆట నియమం తానెప్పుడూ తప్పలేదు. ఆ రోజు తప్పాడు. లాకు నిండకుండానే తెలుగులో మాట్లాడాడు.

"ఊరుకోవే బుల్లీ. నీ బడి నీకుంది, నాకదే కావాల్సింది. నీ మీద నాకు కోపం లేదే. ఇంగ్లీషైతే నేర్పాను గానీ, వాడంటే నీకున్న భయం తియ్యలేకపోయాను. అది నా చేతకానితనం."

కళాసులు ఈసారి చప్పట్లు కొట్టలేదు. తాతయ్య కూడా తెలుగు మాట్లాడాడు కాబట్టి దూలం తోసే వంతు ఆయనకీ వచ్చింది. లాకు నిండేదాకా ఇద్దరం దూలానికి వీపులు ఆనించి కూర్చున్నాం. నిండాక లేచి తోశాం. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. పడవ వెళ్ళిపోయింది.

ఆయన నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేది! ఒక్క చెంపదెబ్బ కొట్టినా ఈపాటికి మర్చిపోయి ఉందును. పంతులుని, ఆ దొర రాసిపోయిన మంచి మాట పుణ్యమా అని, రాజమహేంద్రవరంలో పెద్ద బడికి తీసుకున్నారు. వెళ్ళే రోజున దండ వేయించుకుని, ఏమీ రాని పిల్ల చేత దొర ముందు ఇంగ్లీషు పలికించానని ఊరందరి ముందూ చెప్పుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను, నోరు మూసుకునే ఉన్నాను. రేపు చెబుదాం, పెద్దయ్యాక చెబుదాం అనుకున్నాను. రెండేళ్ళకి, వరదల కాలంలో, రాత్రీ పగలూ నీళ్ళలో నిలబడి తలుపులు కాపాడినందుకు తాతయ్యకి జ్వరమొచ్చింది. వారం రోజులు ఉన్నాడంతే. ఊరికి మాత్రం ఆయన తలుపులు తీసే లస్కరుగానే మిగిలాడు.

తర్వాత నేనూ పంతులమ్మనయ్యాను. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆడపిల్లలకి ఇంగ్లీషు చెప్పాను. నా గదిలో బెత్తం లేదు. బల్ల మీద ఒక చిల్లు ముంత ఉండేది, కింద ఒక గిన్నె. ముంతలో నీళ్ళు పోసి చిల్లుకి అడ్డు పెట్టిన వేలు తీస్తే, కింద గిన్నె నిండేదాకా ఇంగ్లీషే. నిండాక తెలుగు. నిండకముందే తెలుగు మాట్లాడిన పిల్లకి శిక్ష, వెళ్ళి ముంత మళ్ళీ నింపుకురావడం. ఆ ముంత కోసం పిల్లలు కొట్టుకునేవారు, కావాలనే తెలుగు మాట్లాడేవారు గడుగ్గాయిలు. పరీక్షలకి వచ్చిన అధికారులు ముచ్చటపడి, ఈ పద్ధతి ఏ ట్రైనింగులో నేర్చుకున్నారండీ అని అడిగేవారు. ఇప్పటికీ నా పాత విద్యార్థినుల పిల్లలు వచ్చి అడుగుతుంటారు.

అడిగిన ప్రతివాళ్ళకీ చెబుతాను. గొంతెత్తి, అవతలి వీధికి వినబడేలా చెబుతాను. మా తాతయ్య నేర్పాడు, లాకు లస్కరు, ఒక్క అక్షరం రాదు. వాళ్ళు ఇంత గట్టిగా ఎందుకు అరుస్తోంది ఈ ముసల్ది అన్నట్టు చూస్తారు. చూడనివ్వండి. ఇది చెప్పాల్సిన రోజున చెప్పలేదు. వినాల్సిన మనిషి ఆ రోజు నాకు పది అడుగుల దూరంలో, మెట్ల కింద, నెత్తిన పెట్టెతో నిలబడి, నేను చెబుతానని నవ్వుతూ ఎదురుచూశాడు.